కందిలక్క ఎడమ చెయ్యి

మే 14, రెండో షిఫ్టు మొదట్లో

ఈ నెల 20న లిఫ్టు పైకి వెళ్తుంది. అందులో గాలి గదిలో మీటలు నొక్కే ఓదెలు బాపును పంపుతున్నారు. ఏడో గల్లీలో పదకొండు మంది పడిపోవడానికి కారణం ఆయన కాదు, నేను. ఈ సంగతి నాకూ, మా ఇంట్లోవాళ్లకూ, మా సెక్షన్ ఇన్‌చార్జి నర్సింగరావు సార్‌కూ మాత్రమే తెలుసు. సార్ చెప్పనన్నారు. నేను ఓదెలు బాపుకు చెప్పాను కానీ ఆయన నమ్మలేదు. ఇక మిగిలింది మూడు గనుల సంఘం పెద్దలైన మీరే, అందుకే రాస్తున్నాను.

గాలి విషయంలో తప్పు చేసినవాళ్లు పైకి పోయి సోలార్ పలకలు తుడవాలన్నది మూడు గనులకూ ఒకటే నియమం. మే నెల ఎండలో అక్కడ అరవై రెండేళ్ల మనిషి ఎన్ని రోజులు బతుకుతాడో మీకు నేను చెప్పనక్కర్లేదు.

నా పేరు దుర్గం సువార్త. రెండో గనిలో ఒక్కో సొరంగం గల్లీ ముందుండే బోర్డుల మీది బొమ్మలు గీసే పని నాది. కింద ఉన్నవి నా పని పుస్తకంలోంచి ఎత్తి రాసినవి. ఏ రోజు ఏం చేశానో చేతిరాతతో రాసి పెట్టుకోవడం బడిలో అలవాటైంది. నాకు మేలు చేసే మాటలూ చెడు చేసే మాటలూ రెండూ ఉన్నాయి, ఏదీ మార్చలేదు. మీ గనిలో బోర్డులు వేరే రకమని విన్నాను. అందుకే మా పద్ధతి అర్థమయ్యే రోజులు కూడా కలిపాను.

ఫిబ్రవరి 9

బోర్డుల మీది కందిలక్కను, అంటే కందీలు లాంతరు పట్టుకున్న అక్క బొమ్మను, కొత్తగా గీయడం మొదలుపెట్టాను. పాత బొమ్మ నాకంటే ముందు ఈ కుర్చీలో ఉన్నవారు గీసింది. జడలో పాయలన్నీ విడివిడిగా ఉన్నాయి, చీర అంచుకు పువ్వులున్నాయి. చూడ్డానికి బాగుంటుంది. కానీ కంప్యూటర్‌లో ఆ గీతలకు ఆరు వందల పాయింట్లు ఉన్నాయి. బొమ్మను బోర్డుకు మోసే మన తీగ పాతది. బొమ్మ కొంచెం మారినా బోర్డుకు చేరేసరికి పావుగంట పడుతోంది. ఆ పావుగంటా బోర్డు ఖాళీగా ఉంటుంది. బోర్డు ఖాళీగా ఉంటే గల్లీ ముందు షిఫ్టు మొత్తం ఆగిపోతుంది.

నాకు సార్ ఇచ్చిన హద్దు నూట ఇరవై పాయింట్లు.

తలకు ఒక వృత్తం. కొప్పుకు చిన్న వృత్తం, తలకు వెనక. ఒంటికి ఒక త్రిభుజం, మూలలు గుండ్రంగా తిప్పాను. చేతులు రెండు లావు గీతలు. పైట ఒకే ఒక వంపు, ఎడమ భుజం మీంచి కిందికి. కళ్లకు కోడిగుడ్డు ఆకారాలు రెండు. కందీలు తేలిగ్గానే వచ్చింది. పెట్టె లాంటి ఆకారంలోంచి ఒక వృత్తాన్ని కోసేస్తే గాజు అయింది, అందులో నీటిబొట్టు ఆకారం పెడితే మంట అయింది. బోర్డులకు ఒకటే రంగు కాబట్టి ఆకారాన్ని చూసే అంతా తెలియాలి.

ఎక్కువసేపు పట్టింది నవ్వుకే. రెండు పాయింట్లు, వాటి మధ్య ఒక వంపు. వంపు కాస్త ఎక్కువైతే వెక్కిరించినట్టుంది, తగ్గిస్తే అలిగినట్టుంది. మొదటి షిఫ్టు మొత్తం ఆ వంపుతోనే గడిచింది.

అమ్మ అన్నం గిన్నె తెచ్చి నా వెనక నిలబడి చూసింది.

"గింతేనా?" అంది.

"ఏం గింతేనా?"

"నాలుగు గుండ్రాలు, ఓ ముక్కోణం. గీటికి ఎనిమిదేండ్లు సదివినవా బిడ్డా? మీ చెల్లె సున్నంతోని గోడ మీద గీస్తది గిట్లాంటియి."

"చెల్లె గీసింది బోర్డుకు పోదే అమ్మా."

"ఎందుకు పోదు? బోర్డును గోడ కాడికి తెస్తే పోతది," అని తనే నవ్వింది. తర్వాత తెరకు దగ్గరగా వంగి చూసి, "నవ్వు మంచిగున్నది. మా అమ్మ లెక్కున్నది," అంది.

మా ఇంట్లో బడికి వెళ్లింది నేనే మొదలు. అమ్మమ్మ ఎలా ఉండేదో నాకు తెలియదు.

ఫిబ్రవరి 12

నూట పద్దెనిమిది పాయింట్లు. సరిపోయింది.

గాలి గదిలోంచి ఓదెలు బాపు బొమ్మ చూడ్డానికి వచ్చాడు. ఏ గల్లీలో గాలి ఎలా ఉందో మీటర్లు చూసి మీటలు నొక్కేది ఆయనే. ఒక్కో గల్లీకి రెండు మీటలు. పై మీట నొక్కితే ఆ గల్లీ బోర్డులో 'పో' లేయర్, అంటే ఆ బొమ్మ పొర, కనబడుతుంది, కింది మీట నొక్కితే 'ఆగు' లేయర్. రెండూ బోర్డులోనే ఉంటాయి. ఒకటి కనబడుతుంటే రెండోది దాగి ఉంటుంది. బొమ్మ మారినప్పుడు మాత్రమే నేను ఇక్కణ్నుంచి పంపుతాను.

కందీలు అక్క కుడి చేతిలో ఉంటే లోపలికి పోవచ్చు. ఎడమ చేతిలో ఉంటే పోకూడదు. చదువు రానివాళ్లు, చూపు సరిగ్గా ఆననివాళ్లు, నాలుగేళ్ల పిల్లలు, అందరికీ ఇదొక్కటి వచ్చు.

"కందీలును గా మోకాలు కాడ ఎందుకు పెట్టినవ్?" అన్నాడు ఓదెలు బాపు.

"చెయ్యి కిందికి వేలాడితే పాయింట్లు తక్కువ పడతయి బాపూ."

"పాయింట్ల సంగతి నాకెర్క లేదు గానీ, సీర అంటుకుంటది. జెర పైకి లేపు."

లేపాను. నాలుగు పాయింట్లు పెరిగాయి, అవి కొప్పులో తగ్గించాను. ఆయన తెర ముందు నిలబడి తన రెండు చేతులూ మార్చి మార్చి పైకెత్తి అక్కతో పోల్చి చూసుకున్నాడు. గది తలుపు దగ్గరికి వెళ్లి అక్కణ్నుంచి ఒకసారి, కళ్లు చిట్లించి ఇంకోసారి చూశాడు. అప్పుడు సరే అన్నాడు.

మీట నొక్కేటప్పుడు గల్లీ పేరు, మాట రెండూ పైకి అంటాడు. "మూడు, పో." "ఐదు, ఆగు." చదువు లేనివాడు నోటితోనే రాసుకోవాలంటాడు.

మార్చి 18

ఏడో గల్లీ తెరిచి పన్నెండు రోజులైంది. అక్కడ పుట్టగొడుగుల మళ్లు. ఈ రోజు ఆ గల్లీ ఆడవాళ్లు ఐదుగురు కలిసి మా సెక్షన్‌కు వచ్చారు. ముందు కనకవ్వ, మళ్ల మేస్త్రి. సార్ లేరు, నేనే ఉన్నాను.

"ఏం పిల్లా, కందిలక్కకు మేమేం పాపం జేసినం?" అంది కనకవ్వ.

"ఏమైందవ్వా?"

"అన్ని గల్లీలల్ల అక్క ఎదురొస్తది. మా గల్లీల మాత్రం మొఖం తిప్పుకొని గోడ దిక్కు సూస్తది. పొద్దుగాల పనికి పోతుంటే వీపు సూపెడితే ఏం మంచిగుంటది చెప్పు? మా కోడలైతే అక్క అలిగిందని రెండు రోజుల సంది పనికే వస్తలేదు."

నాకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఆమె చెప్పింది నిజమే. అక్క తల కాస్త పక్కకు తిరిగి ఉంటుంది. మిగతా గల్లీల్లో బోర్డు కుడి గోడకు ఉంటుంది కాబట్టి వచ్చేవాళ్ల వైపు చూస్తుంది. ఏడులో కుడి గోడకు నీటి చెమ్మ. బోర్డు ఎడమ గోడకు బిగించారు. దాంతో అక్క చూపు లోపలి వైపుకు పోయింది.

"గిప్పుడే తిప్పుత, ఆగండి," అన్నాను.

ఏడో గల్లీ ఫైలు తెరిచి, మొత్తం ఎంచుకుని, అడ్డంగా ఫ్లిప్ చేశాను, అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మారాయి. ఒక్క బటన్. అక్క ఇటు తిరిగింది. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. ఫ్లిప్ చేస్తే కందీలు రెండో చేతికి పోతుందని నాకు తెలుసు. అందుకని కందీలును మళ్లీ కుడి చేతికి మార్చాను. పైట కూడా తప్పు భుజం మీదికి వచ్చింది, దాన్నీ ఎడమకు తెచ్చాను. ఏడుకు పంపాను. అందింది.

ఆడవాళ్లతో పాటు వెళ్లి బోర్డు చూశాను. కందిలక్క ఎదురొచ్చింది. కనకవ్వ తన బొట్టులోంచి కాస్త తీసి బోర్డు మీద అక్క నుదుటికి పెట్టింది. నేను గీసిన దాంట్లో బొట్టు లేదు. పాయింట్లు మిగల్లేదు.

పరీక్ష కాగితం: కనబడే లేయర్ చూశాను, సరిగ్గా ఉంది. సార్ సంతకం అయింది.

ఏప్రిల్ 7

కనకవ్వ గిన్నెడు పుట్టగొడుగులు పంపింది. అమ్మ వండింది. ఇక బొమ్మలు గీసే ఉద్యోగం మంచిదేనని ఒప్పుకుంది.

ఏప్రిల్ 29

ఏడో గల్లీలో గాలి చెడింది. మొదటి షిఫ్టులో ఇరవై ముగ్గురు లోపలికి వెళ్లారు. పదకొండు మంది పడిపోయారు. మిగతావాళ్లు వాళ్లను ఈడ్చుకొచ్చారు. పది మందికి సాయంత్రానికి తెలివొచ్చింది. కనకవ్వకు రాలేదు.

బోర్డు మీద కందీలు కుడి చేతిలోనే ఉందని వచ్చినవాళ్లందరూ చెబుతున్నారు. ఇరవై రెండు మందిదీ ఒకటే మాట.

జనం బోర్డును గోడ నుంచి పీకి గాలి గదికి మోసుకెళ్లారు. ఓదెలు బాపు ముందు పడేసి, "ఏం నొక్కినవ్రా ముసలోడా?" అని అడిగారు. ఆయన "ఏడు, ఆగు అన్న" అన్నాడు. "అన్నవ్ సరే, ఏం నొక్కినవ్?" అని ఎవరో అరిచారు. ఆయన తన చూపుడు వేలి వైపు చూసుకున్నాడు.

నేను అక్కడే ఉన్నాను. ఆయన వేలు వణకడం చూశాను. నేనూ అందరిలాగే అనుకున్నాను. ఆయన మీద కోపం కూడా వచ్చింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

మే 1

మా గనిలోనే జరిగిన విచారణ గంటలో అయిపోయింది. ఏ మీట నొక్కిందీ ఎక్కడా గుర్తు మిగలదు. బోర్డు సరిగ్గా పనిచేసిందని, ఎప్పుడూ చేస్తుందని నర్సింగరావు సార్ చెప్పారు. బొమ్మ మార్చి నలభై రోజులు దాటిందని, ఇన్నాళ్లూ ఇబ్బంది లేదని చెప్పారు. నేను పక్కన నిలబడి తలూపాను. నలభై రోజుల్లో ఏడులో ఒక్కసారి కూడా 'ఆగు' రాలేదన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

ఓదెలు బాపును ఏమైనా చెప్పుకుంటావా అని అడిగారు. "నోరు ఆగు అన్నది సార్. వేలు ఏమన్నదో నాకెర్క లేదు. ఈ ఏడాది సంది జెర వణుకుతున్నది. అయ్యుంటది," అన్నాడు.

మే 20 లిఫ్టులో పంపాలని తీర్పు చెప్పారు. పీకేసిన బోర్డు కూడా అదే లిఫ్టులో పాత సామానుతో పైకి పోతుందట.

మే 5

కనకవ్వకు తెలివొచ్చిందని తెలిసి వైద్యశాలకు వెళ్లాను. ఆమెకు పేర్లు గుర్తుకు రావడం లేదు. కోడల్ని "ఓ పిల్లా" అంటోంది. నన్ను చూసి, "నువ్వు అక్కను తిప్పిన పిల్లవు," అంది. మంచం పక్కన కూర్చున్నాను.

"ఎట్లున్నవ్ అవ్వా?"

"మంచిగున్న. అక్కే మంచిగ లేదు."

"ఏ అక్క?"

"మన అక్కనే. ఆ పొద్దు పైట ఉల్టా ఏస్కున్నది. ఏందక్కా, కుడి బుజం మీద ఏస్కున్నవ్, నిద్ర మత్తుల గట్టుకున్నవా అని నవ్వుకుంట లోపలికి పోయిన."

కోడలు నా చెవిలో, "గిట్లనే ఏదేదో అంటున్నది. డాక్టరమ్మ పట్టించుకోవద్దన్నది," అంది.

నేను లేచాను. ఏం చెప్పి వచ్చానో గుర్తు లేదు.

సెక్షన్‌కు వచ్చి ఏడో గల్లీ ఫైలు తెరిచాను. 'పో' లేయర్ దాచి, 'ఆగు' లేయర్ తెరిచాను. పైట కుడి భుజం మీద ఉంది. కందీలు కుడి చేతిలో ఉంది.

మార్చి 18న మొత్తం ఎంచుకుని ఫ్లిప్ చేసినప్పుడు దాగి ఉన్న లేయర్ కూడా తిరిగింది. నేను కనబడేదాన్ని మాత్రమే సరిచేశాను. రెండు లేయర్లూ బోర్డు మీద పరీక్షించాలన్నది పద్ధతి. ఆడవాళ్లు సంతోషంగా ఉన్నారు, నేనూ సంతోషంగా ఉన్నాను. నేను ఒక్కటే చూశాను. ఓదెలు బాపు ఆ పొద్దు సరైన మీటే నొక్కాడు. ఆయన ఆగు అంటే నా బొమ్మ పొమ్మంది.

తర్వాత చేసినది రాయకపోతే ఈ పుస్తకానికి అర్థం లేదు. నేను కందీలును ఎడమ చేతికి మార్చాను. పైట మార్చాను. సేవ్ నొక్కాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఎవరైనా వస్తారేమోనని మధ్యలో రెండుసార్లు తలుపు వైపు చూశాను. బోర్డుకు పంపాను కూడా. 'అందలేదు' అని వచ్చింది. బోర్డు గోడకు లేదు కదా, మూడో నంబరు స్టోరులో పడి ఉంది.

అప్పుడు గానీ తెలియలేదు నేనేం చేశానో. ఓదెలు బాపును బతికించగలిగే బొమ్మను నా చేత్తోనే చెరిపేశాను.

మే 6

మిగతా ఆరు గల్లీల ఫైళ్లూ తెరిచి రెండేసి లేయర్లు చూశాను. ఓదెలు బాపు స్థానంలో వచ్చిన మనిషిని మీటలు నొక్కమని చెప్పి, ఒక్కో బోర్డు ముందు నిలబడి చూశాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి. తర్వాత సార్ గదికి వెళ్లి అంతా చెప్పాను.

సార్ మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. చివరికి, "ఇంకెవరికి చెప్పినవ్?" అన్నారు.

"ఎవరికీ చెప్పలే సార్."

"కూసో."

కూర్చున్నాను. ఆయన తనే నీళ్లు పోసి ఇచ్చారు.

"సూడు సువార్తా. నిన్ను కాపాడుదామని కాదు నేను చెప్పేది. పరీక్ష కాగితం మీద నా సంతకం కూడ ఉన్నది, అది కూడ పక్కన పెడుదాం. రేపు నేను మైకు పట్టుకొని, కందిలక్క తప్పు చెప్పింది అని చెప్పిన అనుకో. ఎల్లుండి ఏ గల్లీల అక్క ఎడమ చెయ్యి లేపినా, నిజమో అబద్ధమో, కొంచెం లోపలికి పోయి సూద్దాం అంటరు. ఎంతమంది పడిపోతరు? మనిషి తప్పు చేసిండంటే మనిషిని మారుస్తం, అయిపోతది. బొమ్మ తప్పు చేసిందంటే దేన్ని మారుస్తవ్?"

ఆయన అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే భయపడుతున్నారు. ఆ భయంలో న్యాయం లేదని కూడా అనలేను.

"మరి ఓదెలు బాపు, సార్?"

ఆయన కిటికీ లేని గోడ వైపు చూశారు. "ఆయనే ఒప్పుకున్నడు గదా," అన్నారు.

మే 8

ఓదెలు బాపు ఇప్పుడు పనిలో లేడు. గాలి గది బయట అరుగు మీద కూర్చుంటున్నాడు. లోపల కొత్త మనిషి మీట నొక్కినప్పుడల్లా బయటినుంచి ఈయన మెల్లగా, "రెండు, పో," అంటున్నాడు.

పక్కన కూర్చుని చెప్పాను. ఫ్లిప్ అంటే ఏమిటో, దాగిన లేయర్ అంటే ఏమిటో, నా రెండు చేతులు అటూ ఇటూ పెట్టి చూపించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. అంతా అయ్యాక నా తల మీద చెయ్యి పెట్టాడు.

"ఎవలు చెప్పమన్నరు బిడ్డా? మీ అమ్మనా?"

"ఎవలు చెప్పలే బాపూ. నిజం."

"ముసలోడు పైకి పోతుండని నీకు బాధైతున్నది. నాకెర్కే. నువ్వు సదువుకున్నదానివి, మంచి పిల్లవు. గట్లని నీ మీదేసుకుంటవా?"

సెక్షన్‌కు రమ్మని బతిమాలి తీసుకెళ్లాను. ఫైలు తెరిచి, ఆ రోజు ఎలా ఉందో అలా మళ్లీ ఫ్లిప్ చేసి చూపించాను. కందీలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి పోయింది. ఆయన ఇంకోసారి చూపించమన్నాడు. చూపించాను. మూడోసారికి నవ్వాడు.

"ఎటంటె అటు తిప్పుతవ్ గదా నువ్వు. ఇయ్యాల నా కోసం తిప్పుతున్నవ్."

"మార్చి నెలల తిప్పిన బాపూ! పుస్తకంల రాసిపెట్టిన, సూడు."

ఆయన పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. ఆ పేజీ మీద వేలు పెట్టాడు. వేలు వణుకుతోంది. ఒక వరుస వెంట చివరిదాకా జరిపి, పుస్తకం మూసి నా ఒళ్లో పెట్టాడు.

"నాకు సదువు రాదు గదనే," అన్నాడు.

వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగాడు. "పదకొండు మంది. కనకవ్వకు కొడుకు పేరు కూడ యాదికొస్తలేదట. నా వేలు జారకపోతే ఎట్లయితది అంత? ఎవలో ఒకలు చేస్తేనే గదా అయితది," అన్నాడు.

అది వినేదాకా నేను ఆయన్ను లిఫ్టు ఎక్కకుండా ఆపితే చాలనుకున్నాను. ఆయన పైకి పోకుండా ఆగినా, ఈ మాట ఆయన లోపల ఉండిపోతుంది.

మే 11

అమ్మకు చెప్పాను. రొట్టె చేస్తోంది. చెయ్యి ఆపలేదు.

"చెప్తే నిన్ను పంపుతరా పైకి?"

"నియమం గట్లనే ఉన్నది."

"గట్లయితే చెప్పకు."

"అమ్మా..."

"నేను సదువుకోలే. నాకు గింతే తెలుస్తది. చెప్పకు."

రొట్టె కాల్చి నా పళ్లెంలో వేసింది. ఇంకొకటి చేసింది. చెల్లె మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. నేను తినలేకపోయాను.

కాసేపయ్యాక అమ్మ చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. "ఓదెలు నిన్ను బడికి తోలమని మీ నాయినతోని కొట్లాడిండు. మీ నాయిన, ఆడపిల్లకెందుకు సదువంటే, ఓదెలు నెల రోజులు మాట్లాడలే మీ నాయినతోని. నీకు తెల్వది గది. నీకు నాలుగేండ్లు అప్పుడు."

నిజంగానే నాకు తెలియదు. ఆయన కూడా ఎప్పుడూ చెప్పలేదు.

"చెప్పకనే అంటున్న ఇప్పటికి కూడ," అంది అమ్మ. "కానీ నువ్వు ఆగవు. మొఖం సూస్తె ఎర్కైతున్నది. పెద్ద మనుషులకు రాసేటప్పుడు సక్కగ రాయి. అక్షరాలు వంకర పోవద్దు."

మే 14, రెండో షిఫ్టు చివర

పైదంతా ఎత్తి రాసేసరికి షిఫ్టు అయిపోవచ్చింది. ఇక నేను అడగాల్సింది అడుగుతాను.

నా కంప్యూటర్‌లో ఉన్న ఫైలు నేను మార్చేశాను కాబట్టి అది సాక్ష్యం కాదు. ఈ పుస్తకం నాదే కాబట్టి ఇదీ చాలదంటే మీ మాట కాదనను. కానీ ఏడో గల్లీ బోర్డు మూడో నంబరు స్టోరులో ఉంది. ఏప్రిల్ 29న జనం పీకినప్పుడు దాంట్లో ఏ బొమ్మ ఉందో ఇప్పటికీ అదే ఉంది, నేను పంపింది దానికి అందలేదు. తీగకు కలిపి కరెంటు ఇచ్చి, గాలి గదిలో కింది మీట నొక్కితే అక్క కనబడుతుంది. ఏ చేతిలో కందీలు ఉందో చూడటానికి చదువు అక్కర్లేదు. పైట ఏ భుజం మీద ఉందో కూడా చూడండి. కనకవ్వకు పేర్లు పోయాయి గానీ చూసింది పోలేదు. నేను స్టోరుకు రెండుసార్లు వెళ్లాను. సార్ చీటీ లేనిదే తాళం తీసేది లేదని స్టోరువాళ్లు అన్నారు. సంఘం నుంచి ఒక మనిషి వస్తే తీస్తారు. 20న ఆ బోర్డు పైకి పోతే ఇక ఏమీ మిగలదు.

సార్ చెప్పిన భయం గురించి ఎనిమిది రోజులుగా ఆలోచిస్తున్నాను. జనం అక్కను నమ్మరనేది నిజమే కావచ్చు. కానీ ఇప్పుడు వాళ్లు నమ్ముతున్నది సరైన మీట నొక్కిన మనిషే తప్పు మీట నొక్కాడని. ఆ మాట నమ్మిన జనం రేపు ఆ గదిలో కూర్చునే ఏ మనిషినీ నమ్మరు. రెండింటిలో ఏది ఎక్కువ నష్టమో తేల్చే చదువు నాకు లేదు. మీరు తేల్చండి. బొమ్మ మార్చిన ప్రతిసారీ రెండు లేయర్లూ గల్లీ జనం ముందే వెలిగించి చూపాలని నియమం పెడితే నమ్మకం తిరిగొస్తుందని నాకనిపిస్తోంది. ఆ రోజు ఆ ఐదుగురు ఆడవాళ్ల ముందు నేను కింది మీట కూడా నొక్కించి ఉంటే, పైట చూసి వాళ్లే చెప్పేవాళ్లు.

నియమం ప్రకారం పైకి పంపాల్సింది నన్నయితే నన్నే పంపండి. భయంగా ఉంది. ఆ మాట దాచను. మా చెల్లెను బడి మాన్పించకుండా చూడమని మాత్రం అడుగుతున్నాను.

మే 19 మొదటి షిఫ్టు ముగిసేలోపు జవాబు ఇవ్వండి. నాకు రాయకండి. ఓదెలు బాపుకు చదువు రాదు, నేను చదివి వినిపిస్తే ఆయన మీద జాలితో నేనే కల్పించానంటాడు. గాలి గదిలో ఫోను ఉంది, ఆయన ఎప్పుడూ ఆ గది బయటి అరుగు మీదే కూర్చుని ఉంటాడు. ఆ ఫోనుకు చేసి, ఆయన్ను పేరు పెట్టి పిలిచి, నీ వేలు జారలేదని మీరే చెప్పండి.

దుర్గం సువార్త
బొమ్మల సెక్షన్, రెండో గని